నాన్నగారి దగ్గరున్న కాపీ

2024 ఆగస్టులో సలాలా యాత్ర ముగించుకుని ఇంటికొచ్చిన మర్నాడు సాయంత్రం, బర్ దుబాయ్ అబ్రా రేవు దగ్గర మా అమ్మాయి ఫోను క్రీకులో పడిపోయింది.

ఊరి నుంచి వచ్చిన మా బావమరిదికి డేరా బంగారం బజారు చూపిద్దామని బయల్దేరాం. మనిషికో దిర్హాము ఇచ్చి ఆ చెక్క పడవ ఎక్కడం, నడిమి బల్ల మీద వీపుకు వీపు ఆనించి కూర్చోవడం, పక్క పడవ లేపిన అలకు అందరం ఒక్కసారి ఊగడం... ఈ ఊరొచ్చి ఇరవై ఏళ్లు దాటినా నాకు తనివి తీరని సరదా ఇది. అమ్మాయి ఫోను పట్టుకుని ఎదురుగా ఉన్న మినారుల్ని వీడియో తీస్తోంది. డేరా ఒడ్డున పడవ రేవుని తాకినప్పుడు చిన్న కుదుపు వచ్చింది. "బుడుంగు"మని ఒక్క చప్పుడు. పడవ నడిపే పెద్దాయన నీళ్ల వంక, మా అమ్మాయి వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

"నాన్నా, సలాలా!" అంది అది.

ఫోను పోయిందని అనలేదు, గమనించండి. సలాలా పోయిందని అంది. నేను గంభీరంగా దాని భుజం తట్టి, "అన్నీ క్లౌడ్‌లో ఉంటాయమ్మా, ఇంటికెళ్లి చూద్దాం" అన్నాను.

అలా అనడానికి నాకు హక్కుంది. కంపెనీల డేటా పోకుండా దాచిపెట్టే ఏర్పాట్లు చేయడమే నా ఉద్యోగం. హైదరాబాదులో కంప్యూటర్స్‌లో మాస్టర్స్ చేసి, 2004లో ఇక్కడికి వచ్చిన దగ్గర్నుంచీ అదే పని. ఎక్కడికెళ్లినా "మీ బ్యాకప్ ఏదీ? ఒకసారి తెరిచి చూపించండి" అని అడిగి, ఎదుటివాళ్లు నీళ్లు నమిలితే చూసి ఆనందించే రకం నేను.

ఇంటికొచ్చి అమ్మాయి అకౌంటు తెరిచాం. 9వ తేదీ సాయంత్రం దాకా ఫోటోలున్నాయి. 10, 11 తేదీలు లేవు. అంటే వాదీ దర్బాత్ జలపాతం దగ్గర మేం తడిసిన ఫోటోలు, ముగ్‌సైల్ తీరాన రాళ్ల సందుల్లోంచి సముద్రం ఎగజిమ్మిన ఫోటోలు, మొత్తం యాత్రలో అసలైన రెండు రోజులు. కారణం తర్వాత తీరిగ్గా ఆలోచిస్తే అర్థమైంది. మొబైల్ డేటా అయిపోతుందని, వై-ఫై దొరికినప్పుడే ఎక్కించమని దాని ఫోనులో నేనే పెట్టాను. చివరి రెండు రోజులు బసలో వై-ఫై ఉన్నా లేనట్టే. ఆపైన దాదాపు 1,200 కిలోమీటర్ల తిరుగు ప్రయాణం, హైమా చుట్టుపక్కల ఎడారిలో సిగ్నలే ఉండదు. ఇంటికొచ్చాక వై-ఫై ఉంది కానీ, పదిహేనేళ్ల పిల్లల ఫోనుల్లో బ్యాటరీ ఎప్పుడూ ఎర్రగీత మీదే ఉంటుంది కదా. బ్యాటరీ తక్కువైతే ఫోటోలు పైకి ఎక్కించడం ఫోను ఆపేస్తుంది.

మా శ్రీమతి ఏమీ అనలేదు. "2010" అని మాత్రం అని, వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ 2010 సంగతి చెప్పాలి.

ఆ సంక్రాంతికి అమ్మాయిని మొదటిసారి కొవ్వూరు తీసుకెళ్లాం. దానికప్పుడు పద్నాలుగు నెలలు. నాన్నగారు రిటైరైన లెక్కల మేష్టారు. మనవరాలిని చూసి ఆయన చేసిన మొదటి పని, దాన్ని గోదారి గట్టుకు తీసుకెళ్లి నీళ్లు చూపించడం. "పాపికొండలు చూపిస్తానే నీకు" అని దానికి మాటిచ్చారు. ఆ ఏడు కనుమ రోజునే సూర్యగ్రహణం వచ్చింది. గ్రహణం వెళ్లాక రెండు రోజులైనా కాకుండా పసిపిల్లతో పడవ ఎక్కడానికి వీల్లేదంది అమ్మ. 17వ తేదీ ఆదివారం రాజమండ్రి వెళ్లి, పురుషోత్తపట్నంలో లాంచీ ఎక్కాం.

గండి పోచమ్మ గుడి, దేవీపట్నం, ఆ పైన కొండలు రెండు వైపుల నుంచీ దగ్గరికి జరుగుతూ గోదారిని నొక్కేసినట్టుండే ఆ ఇరుకు, పేరంటపల్లి ఆశ్రమం. నాన్నగారు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా పిల్లను ఎవరికీ ఇవ్వలేదు. నేను కొత్తగా కొన్న డిజిటల్ కెమెరాతో 312 ఫోటోలు తీశాను. సంఖ్య ఎలా గుర్తుందంటే, నాలుగు గిగాబైట్ల కార్డు నిండిందేమోనని మాటిమాటికీ చూసుకునేవాణ్ణి.

సెలవు అయిపోయి తిరిగొచ్చే ముందు నాన్నగారు అడిగారు. "ఒరే అబ్బాయ్, ఆ చిప్పులో ఉన్నవి నాకో పెన్‌డ్రైవులో పోసి ఇవ్వు. స్టూడియోలో కొన్ని కడిగిస్తాను."

"ఈ రోజుల్లో ప్రింట్లెందుకు నాన్నగారూ? అన్నీ డిస్కులో దాస్తున్నాగా. కావాలంటే పెద్ద టీవీలో చూడొచ్చు."

"చూడ్డానికి కరెంటు అక్కర్లేనిది నాకొకటి కావాలిరా" అన్నారు.

నవ్వుకుంటూ ఇచ్చాను. ఆయన 40 ఏరి, నాలుగు బై ఆరు సైజులో ప్రింట్లు వేయించుకుని, ఆ పెన్‌డ్రైవు జాగ్రత్తగా తుడిచి నాకు తిరిగిచ్చారు. దాన్ని నేను అక్కడే చెరిపేసి, ఆఫీసు ఫైళ్లు నింపుకున్నాను.

దుబాయ్ వచ్చాక ఫోటోలన్నీ లాప్‌టాప్‌లో వేశాను. కొన్నాళ్లకు లాప్‌టాప్ నిండిపోయింది. బయటి హార్డ్ డిస్కు ఒకటి కొని ఫోటోలు దానిలోకి పంపాను. ఇక్కడే ఒక చిన్న మాట. నేను కాపీ చేయలేదు, కట్ చేసి పేస్ట్ చేశాను. "బ్యాకప్ డిస్కు" అని దాని మీద చీటీ కూడా అంటించాను. కానీ ఫోటోలు ఉన్నది ఆ ఒక్క చోటే. పేరు బ్యాకప్, నిజానికి అదే అసలు, అదే నకలు. మనలో చాలామంది ఇళ్లలో ఇదే కథ నడుస్తోందని నా అనుమానం. ఫోను నిండిందని డిస్కులోకి తోసి, ఫోనులో చెరిపేసి, "బ్యాకప్ తీశాను" అని చేతులు దులుపుకుంటాం.

2012 వేసవిలో బర్ దుబాయ్‌లోనే మీనా బజారు వెనక ఫ్లాట్ నుంచి మన్ఖూల్‌కి ఇల్లు మారాం. అల్మరా మీద సంచి లాగితే డిస్కు వచ్చి టైల్స్ మీద పడింది. కంప్యూటరుకు తగిలిస్తే టిక్కు, టిక్కు, టిక్కు. ఆ చప్పుడు విన్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు. వినని అదృష్టవంతుల కోసం చెబుతున్నాను: హార్డ్ డిస్కులో అద్దం లాంటి పళ్లేలు నిమిషానికి వేల చుట్లు తిరుగుతుంటాయి. వాటిని చదివే ముల్లు, వెంట్రుక మందం కంటే చాలా తక్కువ ఎత్తులో, పళ్లేన్ని తాకకుండా తేలుతుంటుంది. పడ్డప్పుడు ఆ ముల్లు దెబ్బతింటే చదవలేక మళ్లీ మళ్లీ మొదటికొస్తుంది, అదే ఆ టిక్కు. అలాంటప్పుడు చేయాల్సింది ఒక్కటే, వెంటనే పీకేయడం. ప్రతి ప్రయత్నానికీ పళ్లెం మీద గీతలు పెరుగుతాయి. ఈ సంగతి నాకు తెలుసు. ఊళ్లో అందరికీ చెబుతాను. అయినా ఆ రాత్రి నేను దాన్ని పదిహేను సార్లు తగిలించాను.

ఖాలిద్ బిన్ అల్ వలీద్ రోడ్డు గురించి మీకు తెలిసే ఉంటుంది. బర్ దుబాయ్‌లో కంప్యూటరు కొట్లన్నీ ఆ వీధిలోనే, అల్ అయిన్ సెంటర్ చుట్టుపక్కలా ఉంటాయి. అక్కడో కొట్లో ఒక మలయాళీ కుర్రాడు డిస్కును చెవి దగ్గర పెట్టుకుని వినేసి, "సార్, ఇది విప్పాలి. దుమ్ము లేని గదిలో విప్పాలి. ఇక్కడ కుదరదు, బయటికి పంపాలి" అన్నాడు. మూడు వేల దిర్హాములు, ఆరు వారాలు. వచ్చినవి వచ్చినన్ని. పాపికొండల 312లో పూర్తిగా తెరుచుకున్నవి 9. మరికొన్ని సగం తెరుచుకున్నాయి. ఒక ఫోటోలో ఆకాశం, కొండ అంచు, నాన్నగారి నెరిసిన జుట్టు, నుదురు కనిపించి, ఆ కిందంతా బూడిద రంగు పలక. పిల్ల ఉండాల్సింది ఆ పలకలోనే.

నాన్నగారికి ఫోను చేసి చెప్పడానికి నాకు వారం పట్టింది. ఆయన కోప్పడతారని కాదు, నవ్వుతారని. నవ్వారు. "నా దగ్గర 40 ఉన్నాయిగా, వచ్చినప్పుడు తీసుకెళ్లు" అన్నారు.

వెళ్లిన ప్రతిసారీ మరిచిపోయాను. 2016లో నాన్నగారు పోయాక, పెద్దకర్మ అయిన మర్నాడు అమ్మ ఆ ఆల్బమ్ తెచ్చి నా ఒళ్లో పెట్టింది. స్కాన్ చేద్దామని ఒక ప్రింటు ప్లాస్టిక్ జేబులోంచి బయటికి తీస్తే, వెనక వైపు ఆయన దస్తూరీ. "17-1-2010. దేవీపట్నం దాటాక. మధ్యాహ్నం 1 గంట. అమ్మలు నీళ్లలోకి చెయ్యి పెట్టాలని గోల." ముందువైపు కెమెరా వేసిన నారింజ రంగు అంకెల్లో మాత్రం 11:30 అని ఉంది. నా కెమెరా గడియారం దుబాయ్ టైములోనే ఉండిపోయింది మరి. ఆ కింద ఆయన చిన్నగా రాశారు, "ఫోటో మీది టైము మా వాడి దుబాయ్ టైము. నమ్మవద్దు."

40 ప్రింట్ల వెనకా రాత ఉంది. ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారు, లాంచీలో కలిసిన నిడదవోలు దంపతుల పేర్లు, భోజనంలో ఏ కూర బాగుంది. ఆ 312 ఫోటోలూ నా డిస్కులో క్షేమంగా ఉన్నా, ఈ సంగతులు వాటిలో ఉండేవి కావు.

ఇంకొకటి కూడా ఉంది. ఆ ఫోటోల్లో వెనకగా కనిపించే దేవీపట్నం ఇవాళ అలా లేదు. పోలవరం కాఫర్ డ్యాము వెనక నీళ్లు ఎగదన్ని, 2021లో ఆ ఊరు ఖాళీ అయిపోయింది. యాత్ర ఫోటోలు పోతే "మళ్లీ వెళ్లి తీసుకుందాంలే" అంటాం. వెళ్లడానికి ఆ చోటు ఉండాలి, ఆ మనుషులు ఉండాలి.

ఇంత ఎందుకు చెప్పానంటే, కుటుంబంతో పరాయిదేశంలో బతికే మనకు ఈ విషయంలో కొన్ని ప్రత్యేకమైన ప్రమాదాలున్నాయి. కంప్యూటరు పత్రికల్లో వీటి గురించి రాయరు.

మొదటిది ఉద్యోగం. మనలో చాలామంది ఫోటోలు ఆఫీసు లాప్‌టాప్‌లో ఉంటాయి. 2009లో ఇక్కడ ఉద్యోగాలు ఊడినప్పుడు మా మిత్రుడొకాయన పొద్దున తొమ్మిదింటికి ఆఫీసుకెళ్లి, పదిన్నరకల్లా లాప్‌టాప్ అప్పగించి బయటికొచ్చాడు. పెళ్లి తర్వాత చేసిన యాత్రల ఫోటోలన్నీ అందులోనే. తర్వాత అడిగితే, కొత్తవాళ్లకు ఇవ్వడానికి చెరిపేశామన్నారు. వాళ్లను తప్పు పట్టలేం, అది వాళ్ల యంత్రం.

రెండోది ఫోను నంబరు. దీన్ని దయచేసి ఇవాళే చూసుకోండి. మీ ఫోటోలున్న అకౌంటుకు ఏ నంబరు కట్టి ఉంది? ఇక్కడి నంబరేనా? వీసా రద్దయి ఇంటికి వెళ్లిపోయాక ఆ సిమ్ము మీది కాకుండా పోతుంది. కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకొకరికి వెళ్తుంది. మీరు కొత్త ఫోను కొని లోపలికి వెళ్లబోతే, ఓటీపీ ఎవరో తెలియని మనిషికి చేరుతుంది. గూగుల్ వంటి అకౌంట్లు సిమ్ము లేకపోయినా పనిచేసే కొన్ని అత్యవసర కోడ్లు ఇస్తాయి. వాటిని కాగితం మీద ప్రింటు తీసి పాస్‌పోర్టుల ఫైల్లో పెట్టండి. ఆ అకౌంటుకు మీ ఇంటి ఆడవారి నంబరో, ఊళ్లో అన్నదమ్ముల నంబరో కూడా కలపండి. ఇంకోమాట, రెండేళ్లు ముట్టుకోని అకౌంట్లను గూగుల్ 2023 డిసెంబరు నుంచి తొలగించడం మొదలుపెట్టింది. పిల్లల పేరిట తెరిచి మరిచిపోయిన అకౌంట్లుంటే ఒకసారి లోపలికెళ్లి రండి.

మూడోది, ఉచితంగా దొరికిన చోటు శాశ్వతం అనుకోవడం. మరో మిత్రుడు మలేషియా యాత్ర మొత్తాన్ని ఆర్కుట్‌లోనే ఉంచాడు. 2014 సెప్టెంబరు 30న ఆర్కుట్ మూతపడింది. ఫోటోలు దింపుకోవడానికి గడువు కూడా ఇచ్చారు, మనవాడు బద్ధకించాడు. గూగుల్ ఫోటోస్ 2015లో వచ్చినప్పుడు ఎన్ని ఫోటోలైనా ఉచితమన్నారు. 2021 జూన్ 1 నుంచి మెయిలుతో కలిపి 15 గిగాబైట్లే ఉచితం. ఈనాటి ఫోనుల్లో బాగా స్పష్టంగా తీస్తే ఒక్క నిమిషం వీడియోకే 400 మెగాబైట్ల దాకా పడుతుంది. అంటే సలాలాలో నలభై నిమిషాల వీడియోకు ఆ ఉచితం సరి. నెలకు రెండు చాయ్‌ల ఖర్చు పెట్టి చోటు కొనుక్కోవడంలో నామోషీ ఏమీ లేదు.

పిల్లలూ, ఈ కింది కథ మీకోసం. టాయ్ స్టోరీ 2 సినిమా చూసే ఉంటారు. 1998లో ఆ సినిమా తయారవుతుండగా పిక్సార్ కంపెనీలో ఎవరో పొరపాటున చెరిపేసే ఆజ్ఞ ఒకటి ఇచ్చారు. తెర మీద బొమ్మలు ఒక్కొక్కటే మాయమైపోవడం మొదలైంది. పరుగెత్తి ప్లగ్గు పీకారు. బ్యాకప్ ఉందిగా అనుకుని తీస్తే, ఆ బ్యాకప్ కొన్నాళ్లుగా సరిగ్గా పనిచేయడమే లేదు, ఎవరూ తెరిచి చూడలేదు. చివరికి గ్యాలిన్ సుస్మన్ అనే ఆవిడ, పసిబిడ్డతో ఇంటి నుంచి పనిచేస్తూ తన ఇంటి కంప్యూటరులో ఒక కాపీ ఉంచుకున్నారని గుర్తొచ్చింది. ఆ కంప్యూటరును దుప్పట్లలో చుట్టి, కారు వెనక సీట్లో పెట్టుకుని ఆఫీసుకు తెచ్చారు. అంత పెద్ద కంపెనీని ఒడ్డున పడేసింది ఒక అమ్మ ఇంట్లో ఉన్న కాపీ.

మా వృత్తిలో 3-2-1 అని ఒక సూత్రం ఉంది. పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫోటోగ్రాఫర్ దానికి ఆ పేరు తెచ్చాడు. మూడు కాపీలు ఉండాలి, రెండు రకాల వాటిలో ఉండాలి, ఒకటి వేరే చోట ఉండాలి. నన్నడిగితే మొదటి రెండూ ఎవరైనా చేసేస్తారు, తప్పేది ఆ చివరి ఒకటి దగ్గరే. మా ఇంట్లో రెండు డిస్కులు ఉన్నాయంటారు, రెండూ ఒకే సొరుగులో ఉంటాయి. 2024 ఏప్రిల్ 16 వాన మీకు గుర్తుంది కదా. లెక్కలు రాయడం మొదలుపెట్టిన 75 ఏళ్లలో యూఏఈలో అంత వాన పడలేదు. అల్ అయిన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజు కూడా నిండకుండా 254 మిల్లీమీటర్లు కురిసింది. షార్జాలో కింది అంతస్తులో ఉండే మా స్నేహితుడి ఇంట్లో, బల్ల కింద ఒక పెట్టె ఉండేది. రెండు డిస్కులు, ఒకటి పోతే ఇంకొకటి కాపాడే ఏర్పాటు. బాగా ఖరీదైనది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చాయి, రెండూ కలిసే మునిగాయి. అలాగని ఊళ్లో పెడితే చాలా అంటే, అదే ఏడాది సెప్టెంబరులో బుడమేరు విజయవాడలో ఎన్ని ఇళ్లలోకి వచ్చిందో చూశాం. కానీ దుబాయ్ వాన, బెజవాడ వరద ఒకే రోజున రావు. ఆ ధైర్యంతోనే రెండు చోట్ల పెట్టేది.

అందుకని మా ఇంట్లో ఇప్పుడు నడుస్తున్న పద్ధతి ఇది. యాత్రలో ఉన్నన్నాళ్లూ, రాత్రి పడుకునే ముందు పిల్లల ఫోనులు, మా ఫోనులు ఛార్జింగుకు పెట్టి, ఆ రోజు ఫోటోలు పైకి ఎక్కాయో లేదో కళ్లతో చూస్తాను. వై-ఫై లేకపోతే డేటా మీదే ఎక్కిస్తాం, అదీ లేకపోతే ఒకరి ఫోటోలు ఇంకొకరి ఫోనులోకి పంపుకుంటాం. రెండు ఫోనులు ఒకేసారి క్రీకులో పడవు. కెమెరా తీసుకెళ్తే, ఇల్లు చేరి రెండు చోట్ల ఎక్కించేదాకా కార్డును చెరపం. పొరపాటున చెరిపితే ఆ కార్డుతో ఇక ఒక్క ఫోటో కూడా తీయకూడదు. చెరిగిన ఫోటో నిజంగా పోదు, దాని చోటు ఖాళీ అని గుర్తు పెట్టుకుంటుందంతే. కొత్తది వచ్చి కూర్చుంటేనే పాతది పోతుంది. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేరుతో నేను ఇద్దరు ముగ్గురికి అలా తీసిచ్చాను.

ఇంటికి రాగానే అన్నీ ఒక డిస్కులోకి. "2024-08 సలాలా" అని ఏడాది ముందు, నెల తర్వాత, ఊరి పేరు ఆపైన. వరసలో అవే కూర్చుంటాయి. ఏ ప్రత్యేకమైన సాఫ్ట్‌వేరూ లేకుండా, మామూలు ఫోల్డర్లలో మామూలు ఫోటోలు. పదేళ్ల తర్వాత ఆ సాఫ్ట్‌వేరు ఉంటుందో లేదో ఎవరు చూశారు?

క్లౌడ్ ఉంటే డిస్కెందుకని మా అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్నే. ఫోనుకూ క్లౌడ్‌కూ మధ్య ఉన్నది చాలాసార్లు అద్దం సంబంధం. మీరు బొట్టు చెరుపుకుంటే అద్దంలోనూ చెరిగిపోతుంది. ఫోనులో చోటు కోసమని చెరిపితే, క్లౌడ్‌లోనూ చెరిగిపోవచ్చు. ఐఫోను అయితే 30 రోజులు, గూగుల్ ఫోటోస్‌కు ఎక్కినవి 60 రోజులు చెత్తబుట్టలో ఉంటాయి, ఆ తర్వాత లేవు. తీగ పీకేసి పక్కన పెట్టిన డిస్కుకు ఆ గొడవ లేదు. అయితే దానికి వేరే గొడవలున్నాయి. జులైలో కారులో వదిలేయకండి, ఇక్కడి ఎండలో మూసిన కారు పొయ్యిలాంటిది. విమానంలో చెక్-ఇన్ పెట్టెలో వేయకండి, చేతిసంచిలోనే ఉంచుకోండి. పాస్‌పోర్టు, ఎమిరేట్స్ ఐడీ ఫోటోలు కూడా అందరి గ్యాలరీల్లోనూ ఉంటాయి కాబట్టి, డిస్కుకు పాస్‌వర్డ్ పెట్టండి. ఆ పాస్‌వర్డ్ మీ ఒక్కరి బుర్రలోనే ఉంచుకోకండి.

ఏడాదికొకసారి తెరవాలి. ఆవకాయ జాడీ అటకమీద పెట్టి మరిచిపోతామా? మూత తీసి, బూజు పట్టిందేమో చూసి, నూనె తేలిందో లేదో చూసి మళ్లీ వాసెన కడతాం. డిస్కూ అంతే. తగిలించి, నాలుగు ఫోల్డర్లు తెరిచి, పదేసి ఫోటోలు పెద్దవి చేసి చూడండి. జాబితాలో పేరు కనిపించినంత మాత్రాన ఫోటో ఉన్నట్టు కాదు. బూడిద పలకలకూ పేర్లుంటాయి. అయిదారేళ్లు దాటిన డిస్కును నమ్మకుండా కొత్తదానిలోకి మార్చేయండి.

రెండో డిస్కు కొవ్వూరులో అమ్మ దగ్గర ఉంటుంది. ప్రతి వేసవి సెలవులకు కొత్తగా నింపిన డిస్కు తీసుకెళ్లి అక్కడ పెట్టి, పాతది తెచ్చుకుంటాం. వెళ్లేటప్పుడు డిస్కు, వచ్చేటప్పుడు మాగాయ. అమ్మ దాన్ని పట్టుచీరల మధ్యన పెట్టి, "మీ ఫోటోల పెట్టె" అంటుంది.

సలాలా మాట మధ్యలో వదిలేశాను.

క్రీకు సంగతి జరిగిన రెండో రోజు అమ్మకు ఫోను చేసినప్పుడు అమ్మాయి ఏడుపు గొంతుతో విషయం చెప్పింది. "ఏవమ్మా, నాకు పంపావుగా? రాళ్లల్లోంచి నీళ్లు చిమ్ముతున్నాయి, ఆ ఫోటోలేనా?" అంది అమ్మ. తీరా చూస్తే, సిగ్నలు తగిలిన ప్రతిచోటా ఇది వాళ్ల నాయనమ్మకు వాట్సాప్‌లో ఫోటోలు పంపుతూనే ఉంది. శుభోదయం సందేశాల మధ్య, దేవుడి పటాల మధ్య, 10, 11 తేదీలవి 46 ఫోటోలు అమ్మ ఫోనులో ఉన్నాయి. వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది, తీసిన సమయం, చోటు వివరాలు ఊడ్చేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే ఉన్నదున్నట్టు వెళ్తుంది కానీ, పదిహేనేళ్ల పిల్ల వాళ్ల నాయనమ్మకు డాక్యుమెంట్లు పంపుతుందా? మసకగా ఉన్నా, నాలుగు బై ఆరు ప్రింటుకు అవి చక్కగా సరిపోయాయి.

మీనా బజారులో వీసా ఫోటోలు తీసే స్టూడియోలో 40 ప్రింట్లు వేయించాం. 40 అన్నది అమ్మాయి లెక్క. 2025 వేసవిలో డిస్కుతో పాటు అవీ కొవ్వూరు వెళ్లాయి. భోజనాలయ్యాక హాల్లో చాప మీద బోర్లా పడుకుని, నాన్నగారి ఆల్బమ్ పక్కన తెరిచి పెట్టుకుని, అది ఒక్కొక్క ప్రింటు వెనకా రాస్తోంది. తెలుగు రాత కొంచెం వంకరే. నేను వెనక నుంచి వంగి చూశాను.

"11-8-2024. ముగ్‌సైల్. అమ్మ జారి పడింది, నాన్న నవ్వాడు. మధ్యాహ్నం 2 గంటలు. నాయనమ్మా, నీకు మూడున్నర."